సీసానా, షీటా

నా మరదలు నడీన్‌కీ నాకూ ఆస్తి తగాదా లేదు, పిల్లల తగాదా లేదు. ఉన్నదల్లా ఉతికిన బట్టలు మెత్తబడటానికి ఏది వాడాలన్న తగాదా ఒక్కటే. నేను సీసా మనిషిని. వాషింగ్ మెషీన్ ఆఖరిసారి నీళ్ళు పట్టేటప్పుడు మూతెడు సాఫ్ట్‌నర్ పోస్తాను. అది ప్రతి పోగుకీ పడుతుంది, లైలాక్ పూల వాసన వారమైనా వదలదు. నడీన్ షీటు మనిషి. తడిబట్టలు డ్రయ్యర్‌లో కుక్కి, పైన బట్టల్ని మెత్తబరిచే వాసన షీటు, అరచెయ్యంత తెల్లటి పల్చటిది, ఒకటి పడేసి మీట నొక్కుతుంది. అంతే, పనైపోయిందట! ఆమె మా ఉత్తర మిషిగన్ పిల్ల కాదు, వంతెన అవతల, దక్షిణ మిషిగన్‌లో పుట్టిన పిల్ల. అక్కడివాళ్ళకి ఏ పనైనా చిటికెలో అయిపోవాలి.

"నీ సీసా పోసిన తువ్వాలు తడి పీల్చదు వదినా. బాతు వీపు మీద నీళ్ళలాగా జారిపోతాయి" అనేది.

"నీ షీటు మాత్రం తక్కువ తిందా? మొన్న ఈస్టర్‌కి మా తమ్ముడు చర్చిలో కానుకల పళ్ళెం పట్టుకుని నడుస్తుంటే కోటు వెనకాల తోకలా వేలాడింది. పాస్టరమ్మ నవ్వాపుకోలేక ఎంతసేపు దగ్గిందో చూశావా?" అనేదాన్ని.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం ఇద్దరమూ. మా ఇళ్ళ మధ్య కంచె కూడా లేదు. రెండు పెరళ్ళూ కలిసి అడవిలోకి పోతాయి. నడీన్ కొత్తకోడలిగా వచ్చిననాటి నుంచీ ఈ వాదం సాగుతూనే ఉంది. ఒక్కసారంటే ఒక్కసారి కూడా నేను తగ్గింది లేదు.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. అది మగవాళ్ళ వేటబట్టలు. నవంబరు పదిహేనున దుప్పుల వేట మొదలవుతుంది. ఆ రోజు మా వైపు బళ్ళు కూడా తెరవరు. అంతకు కొన్ని వారాల ముందే వేటబట్టలు బయటికి తీసి వంటసోడాతో ఉతకాలి. సబ్బు వద్దు, సీసా వద్దు, షీటు వద్దు. డ్రయ్యర్‌లో అసలు వెయ్యకూడదు, పెరట్లో తాడు మీద ఆరాలి. ఆరాక మూత బిగుసుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో దేవదారు కొమ్మలతో కలిపి పెట్టాలి. పదిహేనో తారీకు పొద్దున్నే అడవి దాకా ట్రక్కులో వెళ్ళి, చలిలో వణుకుతూ అక్కడే ఆ బట్టలు మార్చుకుంటారు. మనిషి వాసన తగిలితే దుప్పి ఆ చుట్టుపక్కల నిలవదు మరి.

మా తమ్ముడు రీనోకైతే ఈ పని నడీన్ చేసిపెట్టాల్సిందే. కాగితం మిల్లులో ఉడికే గుజ్జు కంపు పీల్చీ పీల్చీ వాడి ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. ఇల్లు తగలబడినా కంటికి కనబడాలి గాని ముక్కుకి తెలియదు. "నా ముక్కు నడీన్ దగ్గరుంది" అని వేటగాళ్ళందరి దగ్గరా గొప్పగా చెప్పుకునేవాడు. ఆ మాటకి నడీన్ మురిసిపోయేది.

ఇక పోయికా సంగతి చెప్పాలి. పోయికా అంటే మా తాతల ఫిన్నిష్ మాటలో పిల్లవాడని.

కొన్నేళ్ళ కిందట ఒక చెడ్డ చలికాలంలో, మంచు కిటికీల ఎత్తుకి పేరుకున్న రోజుల్లో, నేను గుడ్లు అడుగుదామని వాళ్ళ పెరటి దారిన వెళ్ళి కొయ్యబారిపోయాను. డ్రయ్యర్ వేడిగాలి గోడలోంచి బయటికి వచ్చే గొట్టం ఉంటుంది కదా, దాని కింద మంచు కరిగి కాస్త నేల కనిపిస్తోంది. ఆ నేల మీద ఒక దుప్పిపిల్ల నిలబడి ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. కళ్ళు మూసుకుని గొట్టంలోంచి వచ్చే వెచ్చటి గాలిని మొహం మీదికి పట్టించుకుంటోంది. దానికి రెండు బారల దూరంలో నడీన్, ఇంట్లో తొడుక్కునే చెప్పులతో మంచులో నిలబడి, ఆపిల్ ముక్క పట్టుకున్న చెయ్యి చాపి ఉంది.

"ఒసేయ్! నీకేమైనా మతి పోయిందా?" అన్నాను.

"ష్! అరవకు వదినా. దీని తల్లిని మొన్న దుంగల లారీ గుద్దేసింది. రోడ్డు పక్కన చూశాను" అంది.

ఆ చలికాలమంతా దాన్ని అలాగే బతికించింది. డ్రయ్యర్ తిరగడం మొదలయ్యి, గొట్టంలోంచి షీటు వాసన బయటికి రాగానే, ఎక్కడున్నా అడవిలోంచి నడిచొచ్చేది. ఎండాకాలం వచ్చినా మానలేదు. నడీన్ కోటు జేబులో ఆపిల్ ముక్కలు పెట్టుకునేది. అది జేబులో మూతి దూర్చి తీసుకుని తినేది. ఉతకాల్సిన బట్టలు లేని రోజున కూడా, ఉత్త డ్రయ్యర్‌లో ఒక షీటు వేసి తిప్పేది. నేను నా కళ్ళతో చూశాను కాబట్టి సరిపోయింది గాని, ఇంకొకరు చెబితే నమ్మేదాన్ని కాదు.

"కరెంటు బిల్లు చూసి రీనో అడిగితే ఏం చెబుతావే?" అన్నాను.

"మీ అక్క తువ్వాళ్ళు కూడా ఇక్కడే ఆరుతున్నాయని చెబుతా" అంది, సిగ్గులేకుండా.

రీనోకి ఏమీ తెలియదు. వాడు పగలంతా మిల్లులో ఉంటాడు, దుప్పి వచ్చేది పగటిపూటే. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటారు. అయినా ఈ ఒక్క సంగతి మాత్రం నేను ఎవరి దగ్గరా నోరు జారలేదు. ఎందుకంటే నడీన్‌కి పిల్లలు నిలవలేదు. రెండుసార్లు ఆసుపత్రి నుంచి ఉత్త చేతులతో వచ్చింది. ఆ దుప్పి మూతి జేబులో దూర్చినప్పుడు ఆమె మొహం చూస్తే, నాలాంటి వాగుడుకాయకైనా నోరు పెగలదు.

పోయికా పెరిగింది. కొమ్ములొచ్చాయి. ఎడమకొమ్ము ఎందుకో వంకరగా కంటి మీదికి వంగింది. దాన్ని ఒకసారి చూసినవాళ్ళు మళ్ళీ మర్చిపోరు. ముప్పంతా అక్కడే వచ్చింది.

పోయినేడు అక్టోబరులో ఒక పొద్దున నడీన్ నా వంటింట్లోకి తోసుకుని వచ్చి కుర్చీలో కూలబడింది. మొహంలో నెత్తురు లేదు. నేను యాలకుల రొట్టె కోస్తున్నాను. చాకు పక్కన పెట్టి, "ఏమైందే? రీనోకేమైనా అయిందా?" అన్నాను.

"ఫ్రిజ్ మీద ఫోటో అతికించాడు వదినా. అడవిలో చెట్టుకి కట్టిన కెమెరాలో పడిందట. పెద్దరాయి మంచె దగ్గర. వంకరకొమ్ము."

పెద్దరాయి మంచె అంటే మా వాళ్ళ వేటగుడిసెకి పైన, గుట్ట మీద ఉండేది. ఎవరు ఏ మంచె ఎక్కాలో ఏటా పేకముక్కలు తీసి తేల్చుకుంటారు.

"ఎవరికొచ్చింది ఆ మంచె?"

"రీనోకే. ఇన్నేళ్ళకి మంచి మంచె దొరికిందని చిన్నపిల్లాడిలా గంతులేస్తున్నాడు. రాత్రి నిద్రలో కూడా 'వంకరకొమ్ము, వంకరకొమ్ము' అంటున్నాడు."

"చెప్పెయ్యవే వాడికి. మా తమ్ముడు మరీ అంత రాతిగుండెవాడేం కాదు."

"చెబితే తను వదిలేస్తాడు. ఆయనతో వేటకెళ్ళే ఉర్హో వదులుతాడా? మిగతావాళ్ళు వదులుతారా? పైగా పెళ్ళాం పెంచిన దుప్పని చచ్చేదాకా ఏడిపిస్తారు ఆయన్ని." కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుంది. "నేనొకటి అనుకున్నాను. ఆయన బట్టలకి వాసన పట్టిస్తా. గుట్టంతా ఆ వాసనే కొట్టాలి. మనిషి వాసన తగిలితే పోయికా అటువైపు రాదు, ఆ వారమంతా రాదు. బతికిపోతుంది."

నేను నోరెళ్ళబెట్టాను. మా వైపు ఆడది మొగుడికి విషమైనా పెడుతుందేమో గాని, వేటబట్టలకి వాసన పట్టించదు. అంతటి పాపం అది. అయినా ఆమె కళ్ళు చూశాక కాదనలేకపోయాను.

"సరే. చేస్తే గట్టిగా చెయ్యి" అని లేచి, అలమరలోంచి ఇంకా మూత తియ్యని సాఫ్ట్‌నర్ సీసా తెచ్చి ఆమె ముందు పెట్టాను. "ఇది పొయ్యి. రెండు మూతలు పొయ్యి. ఉన్నిబట్టకి పట్టిందంటే మంచులో ముంచినా వదలదు. పది మైళ్ళ అవతల దుప్పి కూడా తోక పైకెత్తి పారిపోతుంది."

అంత ఏడుపులోనూ మూతి తిప్పింది చూడండి! "నీ లైలాక్‌దేముంది వదినా, రెండుసార్లు గాలి తగిలితే సరి, ఆవిరైపోతుంది. షీట్లయితే వేడికి బట్టలోకి దిగుతాయి. పైగా జేబులో ఒకటి పెట్టొచ్చు, రోజంతా కొడుతూనే ఉంటుంది. నీ సీసా జేబులో పెట్టగలమా?"

"నీ ఖర్మ! ఇప్పుడు కూడా షీటేనా?"

"ఇప్పుడే షీటు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు నమ్మిందే వాడతాం గాని, ప్రయోగాలు చేస్తామా?"

పోనీలే పాపమని సీసా కూడా చేతికిచ్చే పంపాను. "మనసు మారితే వాడుకో" అన్నాను. ఆమె తీసుకెళ్ళింది.

పదిహేనో తారీకుకి ముందురోజు మధ్యాహ్నం ఆమె ఇంట్లో డ్రయ్యర్ తిరుగుతూనే ఉంది. రీనో ఉన్నికోటూ, మందపు ప్యాంటూ, పైన వేసుకునే నారింజరంగు జాకెట్టూ, గుప్పెడు షీట్లతో పాటు దొర్లుతున్నాయి. గొట్టంలోంచి వచ్చే వాసన నా వరండా దాకా కొట్టింది. చూస్తే పెరటి చివర చెట్ల మధ్య వంకరకొమ్ము కనిపించింది. దానికి వాసన తెలిసిపోయింది, ఆపిల్ కోసం వచ్చేసింది. నడీన్ బయటికి పరుగెత్తుకొచ్చి, తన జీవితంలో మొదటిసారి దాని మీద మంచుగడ్డ విసిరింది. "పో! పో ఇక్కణ్ణించి! గుట్ట వైపు వెళ్ళకు!" అని అరిచింది. అది వెళ్ళలేదు. అక్కడే నిలబడి ఆమె జేబు వైపు చూసింది. ఆమె ఏడుస్తూ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ తలుపు చప్పుడు విన్నప్పుడైనా మాకు బుర్ర వెలగలేదు. ఇద్దరికీ వెలగలేదు.

పదిహేనో తారీకు పొద్దున నడీన్ మా ఇంట్లోనే ఉంది. ఆ రోజు ఆడవాళ్ళం పాస్టీలు చేస్తాం. మాంసమూ బంగాళాదుంపలూ కూరి అంచులు మడిచేవి. నడీన్ మడిచిన అంచులన్నీ విడిపోతున్నాయి. వెలుగు వచ్చీరాగానే గుట్ట వైపు నుంచి తుపాకి పేలింది. ఒక్కటే చప్పుడు.

"అది గుట్ట మీద కాదు. నది అవతల" అంది నడీన్.

"అవును, నది అవతలే" అన్నాను. పుట్టినప్పటి నుంచీ ఇక్కడే ఉన్నదాన్ని, ఏ చప్పుడు ఎక్కడిదో నాకు తెలియదా!

"షీట్ల వాసనకి పోయికా ఈపాటికి ఊరు దాటిపోయుంటుంది కదా వదినా?"

"ఎప్పుడో దాటింది. ఆ పిండి ఇలా పడెయ్, నువ్వు మడిస్తే పొయ్యిలో అన్నీ నోళ్ళు తెరుస్తాయి."

మధ్యాహ్నం కాకముందే ట్రక్కు హారన్ మోగింది. ఆపకుండా మోగుతోంది. దుప్పి పడితేనే అలా మోగిస్తారు. నడీన్ పిండిచేతులతోనే బయటికి నడిచింది, వెనకే నేను.

ట్రక్కు వెనక తలుపు దించి ఉంది. ముందు కాళ్ళు కనిపించాయి. తర్వాత మెడ. తర్వాత కంటి మీదికి వంగిన ఎడమకొమ్ము.

నడీన్ నోట్లోంచి చిన్న చప్పుడొచ్చింది, వేడి పెనం ముట్టుకుంటే వస్తుందే, అలాంటిది. నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. ఇదేమిటి దేవుడా, ఇదెలా జరిగింది? వాసన రాలేదా? గాలి అటు తిరిగిందా? బుర్రలో అదే తిరుగుతోంది.

రీనో ట్రక్కులోంచి దూకాడు. మొహం వెలిగిపోతోంది. "అక్కా! నడీన్! చెబితే నమ్మరు. నేనే నమ్మలేకపోతున్నాను! గాలి నా వీపు మీంచి సరిగ్గా అటే కొడుతోంది. అటువైపు చెట్లలో ఇది కనిపించింది. ఇంకేముంది, నా గాలి తగిలి పారిపోతుందనుకున్నా. తలెత్తింది. ముక్కు పైకి పెట్టి పీల్చింది. పీల్చి..." వాడికి నవ్వూ ఆశ్చర్యమూ కలిసి మాట తడబడింది. "పీల్చి నా వైపే రావడం మొదలెట్టింది! దాణా తొట్టి చూసిన గుర్రంలాగా, తలూపుకుంటూ! మంచె కిందికొచ్చి నిలబడింది అక్కా. పైకి చూసింది. తుపాకి ఎత్తితే కదలదే! నా మొహం కూడా చూడలేదు. నా జేబు చూస్తూ నిలబడింది."

అప్పుడు తెలిసింది నాకు. నెత్తిన పిడుగు పడినట్టయింది. నడీన్‌కి నాకంటే ముందే తెలిసిపోయింది. నా చేతిలో ఆమె మోచెయ్యి బిగుసుకుపోయింది.

మనిషి వాసనకి పారిపోయే దుప్పే. కానీ షీటు వాసన దానికి మనిషి వాసన కాదు. అది వెచ్చటి గాలి, అది ఆపిల్ ముక్క, అది నడీన్. గుట్టంతా ఆ వాసన కొట్టేసరికి, నిన్న మంచుగడ్డ విసిరి తలుపేసుకున్న మనిషి మళ్ళీ పిలుస్తోందనుకుంది.

ఇంతలో రీనో పక్కనుంచి దిగిన ఉర్హో ముక్కు ఎగబీల్చాడు. "ఒరేయ్ రీనో, నీ దగ్గర ఇదేం వాసనరా? పసిపిల్లాడి దుప్పట్లో పొర్లినట్టున్నావు! దారంతా కిటికీ తీసి తెచ్చాను తెలుసా?" అని, రీనో జాకెట్టు జేబులో చెయ్యి పెట్టి షీటు బయటికి లాగాడు. దాన్ని జెండాలా ఊపి పగలబడి నవ్వాడు. "చూడండ్రోయ్! నడీన్, వీడి వేటబట్టలు డ్రయ్యర్‌లో వేసేశావమ్మా!"

రీనో ఆ షీటు వంక చూశాడు, నడీన్ వంక చూశాడు. వాడికి తెలిసిపోతుందనుకున్నాను. వాడు ఆమెని దగ్గరికి లాక్కుని గట్టిగా కౌగిలించుకున్నాడు.

"మర్చిపోయి వేసేసిందిరా! ఎన్నేళ్ళ నుంచి వంటసోడా అని చచ్చాం! మా ఆవిడ పొరపాటే నాకు కలిసొచ్చింది" అన్నాడు. "నా ముక్కు నడీన్ దగ్గరుందని ఊరికే అన్నానా?"

"అయితే రేపు నాకూ ఓ నాలుగు షీట్లు ఇయ్యమ్మా నడీన్" అన్నాడు ఉర్హో. "పెట్టె ఉంటే పెట్టే ఇచ్చెయ్. గుడిసెలో అందరం జేబుల్లో పెట్టుకుంటాం."

నడీన్ రీనో భుజం మీంచి ట్రక్కు వంకే చూస్తోంది. "ఉన్నాయి. తీసుకో" అంది. ఆ గొంతు ఆమెది కాదు.

మగవాళ్ళు దుప్పిని గుడిసెకి తీసుకెళ్ళారు. నేను పొయ్యి ఆర్పి నడీన్ ఇంటికి వెళ్ళాను. ఆమె బట్టలుతికే గదిలో నేల మీద, డ్రయ్యర్‌కి వీపు ఆనించి కూర్చుని ఉంది. చేతుల మీద పిండి ఎండి పగుళ్ళిచ్చింది. కళ్ళల్లో చుక్క నీరు లేదు. అది చూసే నాకు భయమేసింది. ఎదురుగా అరలో, నేనిచ్చిన సీసా. మూత కూడా తియ్యలేదు.

పక్కన కూలబడ్డాను. నా మోకాళ్ళకి నేల మీద కూర్చునే ఓపిక లేకపోయినా కూర్చున్నాను. చివరికి ఆమె ఆ సీసా వైపు చూస్తూ అడిగింది.

"వదినా. నీది పోసుంటే?"

నేను ఆమె చేతి మీద ఎండిన పిండి గిల్లసాగాను.

"చెప్పు వదినా. నువ్వే కదా ఎప్పుడూ చెప్పేదానివి. నీ లైలాక్ పోసుంటే, ఆ వాసన పోయికాకి తెలియదు. తెలియని వాసన. పారిపోయేది కదా? బతికేది కదా?"

పారిపోయేది. ఒక్క గుక్క పీల్చి, తోక పైకెత్తి, నది దాటి పోయేది. నేనే చెప్పాను, పది మైళ్ళ అవతలైనా పారిపోతుందని. ఇన్నేళ్ళ నుంచి గెలవాలని చూస్తున్న వాదం మొత్తం గెలిచి నా ముందు కూర్చుంది.

"పోవే పిచ్చిమొహమా" అన్నాను. "అయినా వచ్చేదే. నీ కోటుకి నా ఇంటి వాసన పట్టలేదా? రోజూ నా వంటింట్లోనే కదా నీ కాఫీ. దానికి నీ వాసనెంతో నా వాసనా అంతే."

ఆమె తల తిప్పి నా మొహంలోకి చూసింది. "నిజంగానా?"

"సీసా అయినా ఒకటే, షీటయినా ఒకటే. తేడా ఏం లేదు" అన్నాను. "ఎప్పుడూ లేదు. ఊరికే నీతో పోట్లాడటానికి అనేదాన్ని."

నడీన్ ఆ మాట నమ్మింది. నమ్మాక, నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.